మొదటి పికిల్‌బాల్ పాడిల్: తక్కువ ఖర్చులో ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతిని బ్యాడ్మింటన్ కోర్టంత చోటులో నెట్ మీదుగా కొట్టుకునే పికిల్‌బాల్ ఆడటం మొదలుపెట్టాలనుకునే వారికి ఆట నియమాల కంటే ముందు ఎదురయ్యే చిక్కు పాడిల్ (బంతిని కొట్టే చదునైన బ్యాట్) ఎంపిక. దుకాణంలో వరుసగా పేర్చిన పాడిళ్లు చూడటానికి ఒకే అచ్చులోంచి తీసినట్టుంటాయి గానీ, వాటి ధరల్లో మాత్రం కొన్నిసార్లు పదింతల తేడా కనిపిస్తుంది. ఆ తేడా దేనికి చెల్లిస్తున్నామో తెలియనప్పుడు కొందరు అన్నిటికంటే చవకైన చెక్క సెట్టును ఇంటికి తెచ్చుకొని, చేయి నొప్పి పుట్టి ఆటనే పక్కన పెట్టేస్తారు; మరికొందరు పోటీ క్రీడాకారుల కోసం చేసిన పాడిల్‌ను కొనుక్కొని, దాని దూకుడును అదుపు చేయలేక బంతులన్నీ గీత బయటికి కొడుతుంటారు. ఈ రెండింటికీ మధ్యనున్న వరుసలోనే కొత్తవారికి పనికివచ్చే పాడిల్ దొరుకుతుంది, పైగా అది ఖరీదైనది కానక్కరలేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సుమారు 215 నుంచి 230 గ్రాముల బరువు, పాలీప్రొపిలీన్ తేనెపట్టు కోర్ (లోపలి అల్లిక), 16 మిల్లీమీటర్ల మందం, ఫైబర్‌గ్లాస్ లేదా గ్రాఫైట్ ముఖం (బంతి తగిలే పైపలక), చేతికి సరిపోయే గ్రిప్ (పిడి పట్టు): ఈ లక్షణాలున్న ఏ పాడిల్ అయినా మొదటి ఏడాదికి చాలు. వాటిలోనూ గ్రిప్ కొలత, బరువు అనే రెండు విషయాలు తక్కిన వాటికంటే ముఖ్యం. దురదృష్టవశాత్తు, ప్రకటనల్లో అన్నిటికంటే తక్కువగా కనిపించేవి కూడా ఈ రెండే. ఇక పాడిల్ కంటే ముందు డబ్బు పెట్టవలసినది బూట్ల మీద. ఆ మాట దాని చోట వివరిస్తాను.

నియమాలు ఎంతవరకు పట్టించుకోవాలి

1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఈ ఆట పుట్టిన తరువాత చాలాకాలం పాడిళ్లు ప్లైవుడ్‌తోనే తయారయ్యేవి. 1984లో ఆర్లెన్ పరాంటో అనే బోయింగ్ ఇంజనీరు, విమానాల నిర్మాణంలో వాడే తేనెపట్టు పలకలతో పాడిల్ చేసి చూపించడంతో తేలికైన మిశ్రమ పదార్థాల పాడిళ్ల కాలం మొదలైంది. ఇవాళ మనం కొనే చవక పాడిల్ లోపల కూడా ఆనాటి ఆలోచనే ఉంది: రెండు పలుచని గట్టి పలకలు, వాటి మధ్య ఖాళీ గదుల అల్లిక.

అమెరికాలో ఈ ఆటను నడిపే సంస్థ యూఎస్‌ఏ పికిల్‌బాల్ నియమాల ప్రకారం పాడిల్ పొడవు 17 అంగుళాలు మించకూడదు. పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు దాటకూడదు. ఈ లెక్కలో అంచు పట్టీ, పిడి చివరి మూత కూడా చేరతాయి. బరువుకూ మందానికీ హద్దు లేదు. ముఖం గరుకుదనానికి మాత్రం మైక్రోమీటర్లలో కొలిచే పరిమితి ఉంది. ఇసుక అద్దినట్టు గరగరలాడే పూతలు, ముఖంలో రంధ్రాలు నిషిద్ధం. ఈ పరీక్షల్లో నెగ్గిన పాడిళ్ల మీద ఆమోద ముద్ర వేస్తారు. స్నేహితులతో, ఇంటివారితో ఆడుకోవడానికి ఆ ముద్ర అవసరం లేదు. అయితే టోర్నమెంటులో పాల్గొనే ఆలోచన ఏమాత్రం ఉన్నా ముద్ర ఉన్నదే తీసుకోవడం మంచిది, ఎందుకంటే చాలా పోటీలు ఆమోదిత జాబితాలో లేని పాడిల్‌ను కోర్టులోకి రానివ్వవు. తక్కువ ధర పాడిళ్లలోనూ ఆమోదం పొందినవి ఎన్నో ఉన్నందువల్ల, ముద్ర కోసమే ఎక్కువ ఖర్చు పెట్టవలసిన పని లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ముద్ర బొమ్మను అచ్చువేయడం ఎవరికైనా తేలికే గనుక, పాడిల్ మోడల్ పేరు ఆమోదిత జాబితాలో ఉన్నదో లేదో సరిచూసుకోవాలి.

చెక్క పాడిల్ ఎవరికి తగును

చెక్క పాడిల్‌ను ఒక్క మాటతో కొట్టివేయడం న్యాయం కాదు. అది నేల మీద పడినా పగలదు, పిల్లలు ఎంత మొరటుగా వాడినా కొంతకాలం నిలుస్తుంది, ఒకేసారి పదిమందికి సమకూర్చవలసి వచ్చినప్పుడు ఖర్చు చేతికి అందుబాటులో ఉంటుంది. పాఠశాల వ్యాయామ తరగతికి, సెలవుల్లో ఎప్పుడో ఒకసారి ఆడే సరదా ఆటకు చెక్క చాలు. కానీ అది సాధారణంగా 280 గ్రాములకు పైనే బరువుంటుంది, అంటే మిశ్రమ పాడిల్ కంటే కనీసం 50 గ్రాములు ఎక్కువ. చేతిలోకి తీసుకొని అటూ ఇటూ ఊపి చూసినప్పుడు ఆ తేడా పెద్దగా అనిపించదు. గంటసేపు ఆడి, నెట్ దగ్గర వరుసగా వచ్చిన బంతులను వెంటవెంటనే తిప్పికొట్టవలసి వచ్చేసరికి చేయి వెనకబడటం మొదలవుతుంది. పైగా ఘనమైన చెక్కలో బంతి అదురును పీల్చుకునే ఖాళీ ఏదీ లేనందువల్ల ఆ అదురు మణికట్టుకూ మోచేతికీ నేరుగా చేరుతుంది. వారానికి ఒకటి రెండుసార్లయినా ఆడాలనుకునే వారికి నేను చెక్కను సూచించను.

బరువు, గ్రిప్

పాడిళ్లను బరువు ప్రకారం మూడు తరగతులుగా చూడవచ్చు. 210 గ్రాములకు లోపువి తేలిక, 210 నుంచి 235 వరకు మధ్యస్థం, ఆపైన బరువైనవి. ఈ హద్దులు తయారీదారులను బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. తేలికైనది నెట్ దగ్గర చురుకుగా కదులుతుంది గానీ, వెనక గీత దగ్గరినుంచి లోతుగా కొట్టాలంటే చేయి ఎక్కువ శ్రమ పడాలి. బరువైనది తనంతట తానే బంతిని తోస్తుంది. అయితే దాన్ని సరైన సమయానికి సరైన కోణంలోకి తీసుకురావడం కష్టం.

మోచేతి నొప్పి ఉన్నవారు సహజంగానే అన్నిటికంటే తేలికైన పాడిల్‌వైపు చేయి చాస్తారు, ఇక్కడే చాలామంది పొరబడతారు. పాడిల్ మరీ తేలికైతే బంతి తాకిడిని తట్టుకునే బరువు దానిలో ఉండదు. ఆ తాకిడి ముంజేతి కండరాల మీద పడుతుంది, అదీగాక బంతికి వేగం ఇవ్వడానికి మనిషి ఇంకా బలంగా విసరవలసి వస్తుంది. మరీ బరువైనదీ అలాగే చేటు చేస్తుంది. అలాంటివారికి మధ్యస్థ బరువు, మందమైన మెత్తని కోర్, మెత్తని గ్రిప్ చుట్ట కలిసిన పాడిల్ నయం. నొప్పి ఇప్పటికే స్థిరపడి ఉంటే పాడిల్ మార్చడం వైద్యానికి బదులు కాదని వేరే చెప్పనక్కరలేదు.

గ్రిప్ విషయానికి వస్తే, పిడి చుట్టుకొలత ఎక్కువగా 4 నుంచి 4.5 అంగుళాల మధ్య, అంటే సుమారు 10 నుంచి 11.4 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కొలుచుకోవడానికి ఒక స్కేలు చాలు. ఆడే చేతిని వేళ్లు కలిపి చాచి, అరచేతిలో అడ్డంగా పోయే రేఖల్లో మధ్య రేఖ దగ్గర స్కేలు మొదలు పెట్టి, ఉంగరపు వేలి కొసదాకా ఎంత పొడవు వస్తుందో చూడాలి. దాదాపు అదే మీకు తగిన చుట్టుకొలత. పాడిల్ చేతిలోనే ఉంటే ఇంకా సులువు: మామూలుగా పట్టుకున్నప్పుడు ఉంగరపు వేలి కొసకూ అరచేతి కండకూ మధ్య రెండో చేతి చూపుడు వేలు దూరేంత సందు ఉండాలి. వేలు దూరకపోతే పిడి సన్నం, వేలు దూరాక కూడా ఇంకా ఖాళీ మిగిలితే లావు.

రెండు కొలతల మధ్య ఎటూ తేలకపోతే చిన్నదే తీసుకోవడం తెలివైన పని. సన్నని పిడి మీద ఒక ఓవర్‌గ్రిప్ (పిడిపై అదనంగా చుట్టే పలుచని పట్టీ) చుట్టితే అది కొద్దిగా లావెక్కుతుంది, ఇంకొకటి చుట్టితే మరికొంత పెరుగుతుంది. లావుగా ఉన్న పిడిని సన్నం చేయడానికి మాత్రం సులువైన మార్గం లేదు. సన్నని పిడితో మణికట్టు తేలికగా తిరుగుతుంది కనుక బంతికి స్పిన్ ఇవ్వడం సులభం, కానీ మరీ సన్నమైతే పిడి చేతిలో తిరిగిపోకుండా గట్టిగా బిగించి పట్టుకోవలసి వచ్చి ముంజేయి అలిసిపోతుంది. ఓవర్‌గ్రిప్ అన్నది ఈ ఆటలోకెల్లా తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు తెచ్చే వస్తువు. చెమట ఎక్కువ పట్టే చేతులవారు జిగురుగా ఉండేదాని కంటే పొడిగా ఉండి తేమను పీల్చుకునే రకాన్ని ఎంచుకోవాలి.

కోర్, మందం

తేనెపట్టు కోర్లలో మూడు రకాలు వినిపిస్తాయి. అల్యూమినియం కోర్ తేలిక, కానీ గట్టి దెబ్బ తగిలితే సొట్టపడుతుంది. నోమెక్స్ అనేది అరమిడ్ అనే గట్టి కృత్రిమ పోగుల కాగితాన్ని రెజిన్ అనే జిగురులో ముంచి గట్టిపరచిన అల్లిక. అది చాలా బిరుసు, బంతిని చటుక్కున వదిలేస్తుంది, చప్పుడూ ఎక్కువే. పాలీప్రొపిలీన్ ఒక ప్లాస్టిక్; ఈ మూడింటిలో మెత్తనిది, చప్పుడు తక్కువ చేసేది, బంతిని ఒక క్షణం నిలిపి పంపేది ఇదే. ప్రస్తుతం తక్కువ ధర వరుసలో దొరికే పాడిళ్లలో అత్యధికం పాలీప్రొపిలీన్ కోర్‌వే కాబట్టి ఈ విషయంలో ఎంపిక దానంతట అదే జరిగిపోతుంది. పూర్తిగా నురగతో చేసిన కోర్లు ఇటీవల వస్తున్నాయి. అవి ఎక్కువగా పై వరుస ధరల్లోనే ఉన్నాయి, కొత్తవారు వాటికోసం ఆగవలసిన పని లేదు.

కోర్ పదార్థం కంటే మందం దగ్గరే అసలు ఆలోచన అవసరం. 13, 14 మిల్లీమీటర్ల పాడిల్ బంతిని వేగంగా వెనక్కి తోస్తుంది. 16 మిల్లీమీటర్లది తాకిడిని కొంత తనలో ఇముడ్చుకొని బంతిని నెమ్మదిగా పంపుతుంది, పైగా బంతి నడిమధ్యన కాక కొంచెం పక్కగా తగిలినా పాడిల్ చేతిలో మెలితిరగడం తక్కువ. కొత్తగా నేర్చుకునేవారికి ఏది కావాలో ఆట తీరే చెబుతుంది. నెట్‌కు రెండు వైపులా 7 అడుగుల వెడల్పున కిచెన్ అని పిలిచే పట్టీ ఉంటుంది. అందులో నిలబడి బంతిని నేల తాకకముందే కొట్టకూడదు. అందుచేత పాయింట్లలో చాలా భాగం ఆ పట్టీలో బంతిని మెల్లగా దించే డింక్‌ల మీదా, సర్వీసు, దానికి జవాబు అయ్యాక వెనకనుంచి మెత్తగా వేసే మూడో షాట్ మీదా నడుస్తాయి. బలంగా కొట్టడం ఎవరైనా మొదటి రోజే చేయగలరు. మెల్లగా కొట్టడమే నెలలు పడుతుంది. అందువల్ల బలం ఇచ్చే పాడిల్ కంటే బలాన్ని తగ్గించే పాడిల్ నేర్చుకునేవారికి మేలు, దీన్ని బట్టే నేను 16 మిల్లీమీటర్ల వైపు మొగ్గుతాను. బాగా చిన్న పిల్లలు, చేతి బలం తక్కువైన పెద్దవారు మాత్రం వెనక గీతనుంచి బంతి నెట్ దాటడమే కష్టమైతే 13 లేదా 14 మిల్లీమీటర్లది పరిశీలించవచ్చు.

ముఖం: ఫైబర్‌గ్లాస్, గ్రాఫైట్, కార్బన్

ధరల్లో తేడా ఎక్కువగా పుట్టేది ముఖం దగ్గరే, మాటలు ఎక్కువగా కోటలు దాటేదీ ఇక్కడే. ఫైబర్‌గ్లాస్ ముఖం కొంచెం సాగే గుణం కలది. బంతి తగిలినప్పుడు అది లోపలికి వంగి తిరిగి తన్నుతుంది కాబట్టి కొట్టేవారు పెద్దగా బలం పెట్టకపోయినా బంతికి వేగం వస్తుంది. గ్రాఫైట్ ముఖం పలుచన, బిరుసు. బంతి ఎక్కడ తగిలిందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది, పాడిల్ తేలికగా ఉంటుంది. నిజానికి గ్రాఫైట్ అని పిలిచేదీ కార్బన్ పోగుల పొరే. తయారీ పద్ధతిలో, పైపూతలో, ధరలో తేడాలు ఉంటాయి తప్ప అది వేరే లోకపు పదార్థం కాదు.

రా కార్బన్ అనే పేరుతో వచ్చే పాడిళ్లలో తయారీ సమయంలో ముఖంపై వేసిన బట్టలాంటి పొరను చివర్లో ఊడదీస్తారు. ఆ నేత అచ్చు ముఖం మీద సన్నని గరుకుగా మిగిలిపోయి బంతిని పట్టుకుంటుంది, అందువల్ల స్పిన్ బాగా వస్తుంది. తక్కువ ధర పాడిళ్లలో అదే గరుకుదనాన్ని పైన రంగుతో కలిపి చల్లుతారు. కొత్తలో వేలితో రాస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి గానీ, చల్లిన పూత త్వరగా నునుపెక్కుతుంది. రా కార్బన్ కూడా శాశ్వతం కాదు, అది అరగడానికి ఇంకొంత ఎక్కువ కాలం పడుతుంది, అంతే.

పాడిల్ మీద కనిపించే టీ700, 3కె, 18కె వంటి గుర్తులకు బెదరనక్కరలేదు. టీ700 అనేది జపాన్‌కు చెందిన టోరే సంస్థ తయారుచేసే ఒక రకం కార్బన్ పోగు పేరు. 3కె అంటే ఒక్కొక్క పోగుకట్టలో 3000 సన్నని తంతువులున్నాయని అర్థం. 18కె అంటే 18,000. అంకె పెద్దదైనంత మాత్రాన పాడిల్ మంచిదైపోదు. అది నేత ఎలా కనిపిస్తుందో చెబుతుంది తప్ప మీ చేతిలో ఎలా ఆడుతుందో చెప్పదు. మరీ చవక పాడిళ్లలో కొన్నింటి మీద గళ్ల నేత బొమ్మను అచ్చువేసి కార్బన్ అని రాస్తారు. వెలుతురుకు అటూ ఇటూ వంచి చూస్తే నిజమైన నేతలో గళ్లు ఒకదాని తరువాత ఒకటి మెరుస్తూ మారతాయి. అచ్చువేసిన బొమ్మ ఏ కోణంలోనైనా ఒకేలా చదునుగా ఉంటుంది.

స్పిన్ ఇవ్వడం ఇంకా రాని చేతికి స్పిన్ పాడిల్ వల్ల వచ్చే లాభం స్వల్పం. కాబట్టి మొదటి పాడిల్‌కు ఫైబర్‌గ్లాస్ లేదా గ్రాఫైట్‌లో ఏది చవకగా దొరికితే అది తీసుకోవచ్చు. చేతి బలం తక్కువనిపిస్తే ఫైబర్‌గ్లాస్, ఇప్పటికే బ్యాడ్మింటనో టెన్నిసో ఆడి వేగం అలవాటైన చేయి అయితే గ్రాఫైట్. రా కార్బన్ ముఖం ఉన్న పాడిల్ ఇవాళ మధ్యస్థ ధరల్లోకీ దిగివచ్చింది. బరువు, గ్రిప్, మందం సరిపోయి, ధర తేడా కొద్దిపాటిదైతే అదీ మంచి ఎంపికే.

అచ్చును వేడిచేసి ఒత్తి, అంచుల్లో నురగ నింపి, ముఖమూ పిడీ ఒకే ముక్కగా చేసే థర్మోఫార్మ్‌డ్ పాడిళ్లు మరో తరగతి. అవి బిరుసుగా ఉండి బంతికి ఎక్కువ శక్తినిస్తాయి. ఈ పద్ధతిలో తొలిదశలో వచ్చిన కొన్ని పాడిళ్లలో లోపలి కోర్ నలిగిపోవడం, ముఖం కోర్‌నుంచి విడిపోవడం వంటి సమస్యలు కనిపించాయి. కొత్తవారికి వీటి శక్తి అవసరమూ లేదు, వాటి ధర భరించవలసిన అగత్యమూ లేదు.

ఆకారం

సాధారణ ఆకారం సుమారు 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు. పొడవాటి ఆకారం 16.5 అంగుళాలు, 7.5 అంగుళాలు. రెండూ 24 అంగుళాల పరిమితిలోనే ఉన్నాయి. ఒకదానిలో పెరిగింది రెండోదానిలో తగ్గింది. పొడవాటిది దూరపు బంతిని అందుకుంటుంది, కొసన వేగం ఎక్కువ, కానీ బంతి బాగా పలికే మధ్యభాగం సన్నబడుతుంది. కొత్తవారికి వెడల్పాటి సాధారణ ఆకారమే క్షేమం.

పిడి పొడవు మాత్రం పూర్వపు అలవాటును బట్టి ఎంచుకోవాలి. టెన్నిస్‌లో రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొట్టే అలవాటున్నవారికి 5.5 అంగుళాల పిడి కావాలి, లేకపోతే రెండో చేతికి చోటుండదు. టేబుల్ టెన్నిస్ నుంచి వచ్చినవారు చూపుడు వేలిని ముఖం మీదకు చాచి పట్టుకుంటారు కనుక 4.5 అంగుళాల పొట్టి పిడి వారికి సరిపోతుంది. బ్యాడ్మింటన్ ఆడేవారికి సన్నని పిడి నచ్చుతుంది, మధ్యస్థ బరువులో తేలికవైపున్న పాడిల్ వారి మణికట్టు వేగానికి తగినట్టుగా ఉంటుంది.

సెట్టు కొనాలా, విడిగా కొనాలా

రెండు లేదా నాలుగు పాడిళ్లు, కొన్ని బంతులు, ఒక సంచి కలిపిన సెట్టు చూడగానే లాభసాటిగా అనిపిస్తుంది. ఇంట్లో నలుగురూ ఒకేసారి మొదలుపెడుతున్నప్పుడు అది సబబే, కాకపోతే సెట్టులోని పాడిళ్లన్నిటికీ గ్రిప్ కొలత, బరువు ఒకటే ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. తల్లి చేతికి సరిపోయింది పదేళ్ల పిల్లవాడి చేతికి లావవుతుంది. సెట్టు తీసుకుంటే చెక్కవి కాక, ఆమోద ముద్ర ఉన్న ఫైబర్‌గ్లాస్ పాడిళ్ల సెట్టు తీసుకొని, సన్నని పిడిని ఓవర్‌గ్రిప్‌లతో ఎవరికి తగినట్టు వారు సర్దుకోవడం మేలు. సెట్టుతో వచ్చే బంతుల నాణ్యత మీద ఆశ పెట్టుకోకూడదు. వాటిని ఉచితంగా వచ్చినవిగానే లెక్కించి, మంచి బంతులు విడిగా కొనుక్కోవాలి.

ఒక్కరికే కావలసి వస్తే సెట్టు జోలికి పోకుండా అదే డబ్బుతో ఒక మంచి పాడిల్ కొనడం ఉత్తమం. ఆడేచోట రోజూ వచ్చేవారిని అడిగితే చాలామంది తమ పాడిల్‌ను ఒక గేమ్‌కు ఇస్తారు. మూడు నాలుగు రకాలు చేతపట్టి చూసినవారికి ఎంత వివరణ చదివినా తెలియని సంగతి ఒక్క సాయంత్రంలో తెలిసివస్తుంది.

వాడిన పాడిల్ కొనేటప్పుడు చెవి పనికొస్తుంది. పాడిల్‌ను చెవి దగ్గర పట్టుకొని ముఖమంతా వేలి గోటితో ఒక్కొక్క చోట తట్టుతూ పోవాలి. చప్పుడు అంతటా ఒకేలా ఉంటే మంచిది. ఏదైనా ఒకచోట బోలుగానో మొద్దుగానో మారితే అక్కడ ముఖం కోర్‌నుంచి ఊడిందనో, లోపలి గదులు నలిగాయనో అనుమానించాలి. తరువాత పాడిల్‌ను అడ్డంగా పట్టుకొని బంతిని తక్కువ ఎత్తునుంచి వేర్వేరు చోట్ల వదిలితే ఆ అనుమానం తీరుతుంది: ఊడినచోట బంతి మామూలు కంటే ఎక్కువగా ఎగురుతుంది, నలిగినచోట చచ్చుబడినట్టు పడిపోతుంది. ముఖం ఊడిన పాడిల్ పోటీల్లో చెల్లదు కూడా. పిడి ముఖంతో కలిసేచోట సన్నని పగులు ఉన్నా, రెండు చేతులతో మెల్లగా మెలితిప్పినప్పుడు కిర్రుమన్నా ఎంత తక్కువకిచ్చినా వద్దనాలి. అంచు పట్టీ కొంచెం ఊడటం పెద్ద లోపం కాదు, జిగురుతో అతుక్కుంటుంది.

బూట్లు, కళ్లద్దాలు, బంతులు

పరుగు బూట్లతో ఈ ఆట ఆడకూడదు. అవి ముందుకు పోవడానికి చేసినవి. ఎత్తైన మెత్తని మడమతో ఉంటాయి, పక్కకు అడుగు వేసి ఒక్కసారిగా ఆగినప్పుడు పాదం ఆ మెత్తదనం మీదుగా బయటికి ఒరిగి చీలమండ మడతపడుతుంది. పికిల్‌బాల్‌లో కదలిక ఎక్కువగా పక్కలకే గదా. ఆరుబయట గట్టి నేల మీద ఆడేవారు టెన్నిస్ బూట్లు, లోపలి చెక్క నేల మీద ఆడేవారు బ్యాడ్మింటన్ లేదా వాలీబాల్ బూట్లు తీసుకోవాలి. లోపలికి పనికివచ్చే మెత్తని గమ్ రబ్బరు అడుగు బయటి కాంక్రీటు మీద త్వరగా అరిగిపోతుంది. రెండు చోట్లా ఆడుతూ ఒకే జత కొనగలిగితే టెన్నిస్ జతే నయం, నేల మీద మచ్చ పడని అడుగు ఉన్నదైతే లోపలికీ రానిస్తారు. పాత పాడిల్‌తో సరిపెట్టుకున్నా ఫరవాలేదు గానీ బూట్ల దగ్గర సరిపెట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే: పాడిల్ తప్పితే పాయింటు పోతుంది, బూటు తప్పితే నెలల తరబడి ఆటే పోతుంది.

నెట్ దగ్గర ఇరుపక్షాలూ కిచెన్ గీతల మీద నిలబడినప్పుడు మధ్య దూరం 14 అడుగులు మాత్రమే. ఆ దూరంలో బలంగా వచ్చిన బంతినుంచి కళ్లను తప్పించుకునే వ్యవధి దొరకదు. పాలీకార్బొనేట్ అద్దాలున్న రక్షణ కళ్లజోడు ఖర్చు తక్కువ; డబుల్స్ ఆడేవారంతా పెట్టుకోవడం మంచిది. మామూలు చూపు కళ్లద్దాలు ఆ పని చేయవు.

బంతికి నియమం ప్రకారం 26 నుంచి 40 రంధ్రాలు ఉండవచ్చు, బరువు సుమారు 22 నుంచి 26.5 గ్రాములు. వాడుకలో లోపలి బంతులకు 26 పెద్ద రంధ్రాలు, ప్లాస్టిక్ మెత్తన. బయటి బంతులకు 40 చిన్న రంధ్రాలు, ప్లాస్టిక్ గట్టిది, గాలికి తక్కువ చలిస్తాయి. లోపలి బంతితో బయట ఆడితే గాలి దాన్ని ఎటుపడితే అటు తీసుకుపోతుంది. బయటి బంతులు చలిలో పెళుసెక్కి పగులుతాయి. పగులు వెంటనే కనిపించకపోయినా కొట్టినప్పుడు చప్పుడు మారుతుంది. బంతిని వేళ్ల మధ్య నొక్కుతూ తిప్పితే ఒకచోట మెత్తగా దిగుతుంది, అక్కడే సన్నని చీలిక దొరుకుతుంది. కొత్తవారు మూడు బంతులతో మొదలుపెట్టవచ్చు.

నెట్ లేకపోతే

సొంత నెట్ అందరికీ అవసరం లేదు. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతే పికిల్‌బాల్ కోర్టు కొలత: 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. బ్యాడ్మింటన్ నెట్ 76 సెంటీమీటర్ల లోతుంటుంది కనుక, దాన్ని కిందికి దింపి రెండు పక్కలా 36 అంగుళాలు, మధ్యలో 34 అంగుళాల ఎత్తులో కడితే అడుగున కొద్దిపాటి సందు మిగిలి పని జరిగిపోతుంది. బ్యాడ్మింటన్ షార్ట్ సర్వీస్ గీత నెట్‌కు ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. కిచెన్ గీత 7 అడుగుల దగ్గర ఉండాలి కాబట్టి అరడుగు వెనకగా టేపు అంటించుకోవాలి. బ్యాడ్మింటన్ నెట్ దారం సన్నం కావడంతో గట్టి ప్లాస్టిక్ బంతి దెబ్బలకు కొన్నాళ్లకు తెగుతుంది, అలాంటప్పుడు మడిచి మోసుకుపోయే పికిల్‌బాల్ నెట్ కొనడం గురించి ఆలోచించవచ్చు. అది కొనేటప్పుడు మధ్యలో నేలకు ఆనే నిలువు కడ్డీ ఉన్నదేనా చూడాలి. అది లేనిదైతే నెట్ మధ్యభాగం సాగి కిందికి జారి, ప్రతి గేమ్‌కూ ఎత్తు సరిచేయవలసి వస్తుంది.

పాడిల్‌ను ఎండలో నిలిపిన వాహనంలో వదిలేస్తే వేడికి లోపలి జిగురు వదులై ముఖం ఊడే ప్రమాదముంది. చవకదైనా ఖరీదైనదైనా ఈ విషయంలో తేడా లేదు. కార్బన్ ముఖానికి అంటిన ప్లాస్టిక్ పొడిని దానికోసమే అమ్మే రబ్బరు ముక్కతో తుడిస్తే పోతుంది. ఫైబర్‌గ్లాస్‌కు తడిగుడ్డ చాలు.

రెండో పాడిల్ కొనే సమయం ఎప్పుడన్న ప్రశ్నకు నెలల లెక్క లేదు. బంతి కిచెన్‌లో మెత్తగా దిగుతున్నా వెనకనుంచి కొట్టినది చాలినంత లోతుకు పోవడం లేదనో, సర్వీసుకు స్పిన్ ఇవ్వగలుగుతున్నా ముఖం బంతిని పట్టడం లేదనో కచ్చితంగా చెప్పగలిగినప్పుడు, ఆ ఒక్క లోటును తీర్చే పాడిల్ ఏదో వెతకాలి: మొదటిదానికి 14 మిల్లీమీటర్లదో కొంచెం బరువైనదో, రెండోదానికి రా కార్బన్ ముఖం. అప్పటికీ గ్రిప్ కొలతా పిడి పొడవూ మాత్రం అలవాటైనవే ఉంచుకోవాలి, ఎందుకంటే అన్నీ ఒకేసారి మార్చితే ఏ మార్పు వల్ల ఆట బాగుపడిందో, ఏ మార్పు వల్ల చెడిందో తెలుసుకునే వీలుండదు.